గొడుగు దొర పరిచిన బల్ల

మా విజయవాడ సంఘంలో శ్రమదినాలు, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు, దగ్గరపడుతున్నాయంటే స్త్రీల సమాజం వాళ్ళకు నేను గుర్తుకొస్తాను. "వ్యతిరేకతలో నమ్మకత్వం" అన్న అంశం మీద ఏటా నేనే మాట్లాడాలి. నాకేవో హింసలు పడిన అనుభవం ఉందని కాదు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నేను నోరు విప్పితే ఇప్పటికీ జనం చేతులు కట్టుకుని కూర్చుంటారు. అదీ నా అర్హత.

నేను చెప్పేది ఎప్పుడూ ఒకే మనిషి కథ. తొలినాళ్ళలో డెల్టాకు వచ్చిన ఒక మిషనరీ. ఆయన అసలు పేరు ఇక్కడి నాలుకలకు తిరగక జనం గొడుగు దొర అన్నారు. తెనాలిలో ఆయన మీద బురద చల్లారు, బాపట్లలో కొట్టారు, రేపల్లె దగ్గర ఒక పల్లెలో పాతిపెట్టారు. సంఘంలో అందరికీ తెలిసింది ఇంతే. ఆ పైన ఉప్పూ కారం నావి.

ఈసారి మా పాస్టరుగారు, "అక్కా, ఆ మూడూళ్ళూ దగ్గరదగ్గరే కదా, ఒకసారి చూసి రాకూడదా?" అన్నారు. నా మేలు కోరి అన్నారో, అదే కథ ఇంకోసారి వినలేక అన్నారో తెలియదు. మా అన్నయ్య భార్య కరుణమ్మ తోడు వస్తానంది. వదిన పేరులో ఉన్న కరుణ ఆటోవాళ్ళకు మాత్రం దొరకదు. రెండు మంచినీళ్ళ సీసాలు, పులిహోర డబ్బా, మడత గొడుగు పట్టుకుని శుక్రవారం పొద్దున రైలెక్కాం. హింసలు పడిన భక్తుడి అడుగుజాడల్లో నడవడానికి మేము చేసుకున్న ఏర్పాట్లు అవి.

తెనాలి: జిలేబీ దగ్గర

గొడుగు దొర ప్రతి శుక్రవారం సంత దగ్గర నిలబడి బోధించేవాడని మా వాళ్ళు చెబుతారు. ఆ సంత ఎక్కడో ఎవరికీ తెలియదు. సెల్‌ఫోన్ల కొట్టువాడిని అడిగితే, "ఏ కంపెనీ అండీ?" అన్నాడు. వదిన అప్పటికే బెల్లం జిలేబీ బండి దగ్గర ఆగిపోయింది. ముదురు రంగులో, వేలెడంత లావుగా, పాకం కారుతున్న జిలేబీ. విజయవాడలో దొరికేది దీని ముందు పలచటి దూరపు చుట్టంలా ఉంటుంది. పావుకిలో తీసుకుని నిలబడే తిన్నాం.

పక్కన తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన, మమ్మల్ని కాక జిలేబీని చూస్తూ అడిగారు. "ఏంటమ్మా, పొద్దున్నుంచి ఈ సెంటర్లో తిరుగుతున్నారు, ఏం వెతుకుతున్నారు?"

"గొడుగు దొర అని, పాతకాలం మిషనరీ అండి. ఇక్కడెక్కడో ఆయన మీద జనం బురద చల్లారట."

ఆయన ముఖం వెలిగింది. "ఆ జనంలో మా ముత్తాత ఉన్నాడమ్మా" అన్నారు, స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్నాడని చెప్పినంత గర్వంగా. "ఇల్లు అంగలకుదురులోనే. రండి, కాఫీ తాగుతూ చెబుతాను. జిలేబీ సంగతి మాత్రం మా ఆవిడ దగ్గర ఎత్తకండి. నాకు షుగరు."

అంగలకుదురు: ఒక్క లకారం

ఆ పెద్దాయన, శాస్త్రిగారు, తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారట. వాళ్ళావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, "ఏ ఊరమ్మా మీది? ఎవరింటివాళ్ళు?" అని అడిగారు. ఈ ప్రశ్నకు మన వైపు రెండు అర్థాలు. నేను రెండోదానికే జవాబు చెప్పాను. "క్రైస్తవులమండి." ఆవిడ కనురెప్ప ఒక్కసారి ఆగి, మళ్ళీ ఆడింది. కాఫీ వచ్చింది. మా గ్లాసులు, వాళ్ళ గ్లాసులు ఒకటేనా అని వదిన ఓరగా చూసింది. ఒకటే.

శాస్త్రిగారు చెప్పింది ఇది. దొర సంతలో నిలబడి, "దేవుడు మిమ్మల్ని కాచును" అనబోయి, "దేవుడు మిమ్మల్ని కాల్చును" అనేవాడట. వారం వారం వచ్చి అదే మాట. కాపాడతాడు అనడానికి బదులు తగలబెడతాడు అంటుంటే జనం మొదట నవ్వారు, తరవాత బురద తీశారు. ఎండకని తెచ్చుకున్న గొడుగు అందుకు పనికొచ్చింది.

"ఒక శుక్రవారం మా ముత్తాత ఇక ఉండబట్టలేక అడిగాడట. ఏమయ్యా దొరా, మధ్యలో ఆ లకారం ఎక్కడిదయ్యా అని. దొర మర్నాడు పొద్దున్నే మా ఇంటిముందు నిలబడ్డాడు. నేర్పండి అన్నాడు."

"నేర్పారా?"

"ముత్తాత అరుగు మీద, దొర వీధిలో మట్టి మీద. పాఠం అయ్యాక ఈయన స్నానం చేసి లోపలికెళ్ళేవాడు. దొరకి ఆ సంగతి తెలుసు. అయినా వచ్చేవాడు. శుక్రవారం సంతలో వాదన, శనివారం ఇక్కడ వ్యాకరణం. ముత్తాత ఆయన మతాన్ని చచ్చేదాకా ఒప్పుకోలేదమ్మా. విభక్తులు మాత్రం దిద్దాడు." శాస్త్రిగారు నవ్వారు. "ఒకటే చిక్కు. తెలుగు బాగుపడ్డాక వినేవాళ్ళు తగ్గిపోయారు."

ఇన్నేళ్ళుగా నేను చెప్పిన కథలో ఆ బురద చల్లినవాళ్ళకు కోరలు, ఎర్ర కళ్ళు ఉండేవి. వాళ్ళలో ఒకరు ఈయనకు తెలుగు నేర్పారని, అవమానించిన ఇంటిముందుకే ఈయన మర్నాడు పలక పట్టుకున్న పిల్లాడిలా వెళ్ళాడని నేను ఏనాడూ ఊహించలేదు. దెబ్బ తినడం కన్నా అది కష్టం. నాకైతే స్టాఫ్‌రూములో ఎవరైనా ఒక స్పెల్లింగు దిద్దితే వారం రోజులు మాటల్లేవు.

బాపట్ల: రక్తం చిందిన స్థలం

రాత్రి తెనాలిలోనే ఉండి, శనివారం పొద్దున రైల్లో బాపట్ల. కిటికీ బయట కోతలైన మళ్ళల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. స్టేషను ఎదురుగా ఇడ్లీ తిన్నాం. అల్లప్పచ్చడి ఎంత అడిగితే అంత పోశాడు. మా ఊళ్ళో రెండోసారి అడిగితే మనిషిని పైనుంచి కిందకి చూస్తారు.

ఊరి శివారులో దొరను కొట్టిన చోట ఇప్పుడొక చర్చి ఉంది. అక్కడి పాస్టరుగారు కుర్రాయన, మంచి ఉత్సాహి. గేటు పక్కన "దొరగారి రక్తము చిందిన స్థలము" అన్న నల్లరాయి చూపించారు.

"కచ్చితంగా ఇక్కడేనా అండి?" అన్నాను.

"అసలు అటువైపు, వేపచెట్టు దగ్గరండి. అక్కడ కార్ల పార్కింగు వచ్చిందని రాయి ఇటు జరిపాం."

తరవాత తమ సంఘం పడుతున్న శ్రమల గురించి చెప్పారు. "ఆ రోజుల్లో దొరగారికి ఎంత వ్యతిరేకతో, ఇప్పుడు మాకూ అంతేనమ్మా. పక్కింటాయన పోలీసులకు కంప్లయింటు ఇస్తానంటున్నాడు."

"అయ్యో, ఎందుకండి?"

"మైకు గురించి. వాళ్ళమ్మాయికి ఇంటర్ పరీక్షలట."

"పూర్తిగా ఆపేయమన్నాడా?"

"లేదండి. రాత్రి పదింటికి ఆపమన్నాడు."

వదిన ఆశ్చర్యపోయింది. "మా సంఘంలో తొమ్మిదింటికే ఆపేస్తాం కదా బాబూ. పది దాటితే దేవుడికి కూడా నిద్ర పట్టొద్దూ?" పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. ఆ ప్రార్థనలో పక్కింటాయన మనసు మారాలని అడిగారు గానీ, పిల్ల పరీక్ష పాసవ్వాలని అడగలేదు. ఆ రెండోది నేను లోపల చేర్చుకున్నాను.

బయటకొచ్చేసరికి వదిన చెప్పులు లేవు. కొత్తవి, మెత్తటివి. వాటి స్థానంలో మగవాళ్ళ హవాయి చెప్పులు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. "రక్తం చిందిన స్థలం కాదు, చెప్పులు పోయిన స్థలం అని ఇంకో రాయి వెయ్యమను" అంది వదిన. బజారులో కొనుక్కోమంటే వినలేదు. పోయినవి దొరికేదాకా ఇవే వేసుకుంటానని పంతం పట్టింది. ఎవరి మీద పంతమో నాకు అర్థం కాలేదు.

రేపల్లె దగ్గర: రెండు తాళాలు

కర్లపాలెం మీదుగా రేపల్లె బస్సు. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూస్తే సున్నా రూపాయల టికెట్టు. వదిన ఆ కాగితాన్ని పర్సులో దాచుకుంది. రేపల్లెలో లాడ్జిలో సంచులు పడేసి, ఆటోలో సమాధి ఉన్న పల్లెకు వెళ్ళాం. ఆ పల్లె పేరు రాయను. రాస్తే రెండు వైపులనుంచీ నాకు ఫోన్లు వస్తాయి.

ఆ ఊళ్ళో క్రైస్తవులవి రెండు పేటలు. పై పేట, కింది పేట. రెండింటికీ కులం వేరు, చర్చి వేరు. పాడే పాటలు మాత్రం ఒకటే. దొర సమాధి సరిగ్గా మధ్యలో ఉంది. దాని ఇనప గేటుకు రెండు తాళాలు.

పై పేట సంఘపెద్ద యోహానుగారు ఎదురొచ్చారు. ఇస్త్రీ చొక్కా, మర్యాద గల మనిషి. విజయవాడ నుంచి వచ్చామని తెలిసి చాలా సంతోషించారు. "ఒక తాళం మాదండి. రెండోది వాళ్ళది."

"ఎందుకండీ రెండు?"

"వాళ్ళొక్కళ్ళే తెరిస్తే సమాధి వాళ్ళదని అనుకోరూ? రేపు ఆరాధనలో మీరు వాక్యం చెప్పండి. అయ్యాక కబురుపెట్టి తెరిపిస్తాం. భోజనం మా ఇంట్లోనే." గొంతు తగ్గించారు. "కింది పేట వాళ్ళు కూడా పిలుస్తారు. వెళ్ళకండి. అక్కడ మంచినీళ్ళు కూడా పుచ్చుకోకండి, బాగుండదు."

నాకు వెంటనే అంగలకుదురులో కాఫీ గ్లాసులు కళ్ళముందు మెదిలాయి. పైకి మాత్రం అలాగేనండీ అన్నాను. వాక్యం చెప్పడానికి పిలిచినవాళ్ళతో మర్యాదగా ఉండాలి కదా.

ఆయన వెళ్ళాక మేము గేటు ఊచల్లోంచి తొంగిచూస్తుంటే, పక్క చేలో మినుముకు మందు కొడుతున్న రైతు మమ్మల్ని గమనించాడు. "అమ్మా, అటేం చూస్తారు, చేలోంచి ఇటు రండి. తాళాలు ముందువైపేగా. వెనక గోడ మొన్న తుఫానుకే పడిపోయింది."

గోడ లేని వైపు

లోపల తెల్లసున్నం వేసిన సమాధి, చుట్టూ గడ్డి, గడ్డిలో ఒక మేక. మేకను కాస్తూ కూర్చున్నావిడ పేరు మాణిక్యమ్మ. కింది పేట మనిషి, డెబ్బై దాటి ఉంటుంది. మేము ఫలానా అని చెబితే, "దొరగారి కోసం ఇంత దూరం వచ్చారా తల్లీ" అని కొంగుతో సమాధి అంచు తుడిచి కూర్చోమంది.

"ఈ ఊళ్ళో కూడా ఆయన్ని బాగా కొట్టారా అండి?" అన్నాను. నాకు కావలసింది అదే.

"ఇక్కడెవరూ కొట్టలేదమ్మా. ఇక్కడ అందరూ ఆయన చేత బాప్తిస్మం తీసుకున్నవాళ్ళేగా." మాణిక్యమ్మ మేకను అదిలించి చెప్పింది. "ఒకటే బల్ల వేశాడు. అక్కడే గొడవ."

ఆమె చెప్పింది విన్నది విన్నట్టు రాస్తాను. దొర రెండు పేటలకూ కలిపి ఒక పాకలో చర్చి పెట్టాడు. అంతవరకూ ఎవరి వైపు వాళ్ళు కూర్చుని పాటలు పాడారు. క్రీస్తు చివరి భోజనాన్ని తలచుకునే ప్రభువు బల్ల రోజున ఒకే రొట్టె విరిచి, ఒకే గిన్నెలో ద్రాక్షరసం పట్టుకుని రమ్మంటే, వాళ్ళు ముట్టుకున్నది మేము ముట్టమని పై పేట వాళ్ళు లేచిపోయారు. మమ్మల్ని అంత మాటన్న వాళ్ళ పక్కన మేము కూర్చోమని కింది పేట వాళ్ళూ లేచిపోయారు. మిషను పెద్ద దొరలు వచ్చి, రెండు ఆరాధనలు పెట్టుకోవయ్యా, పోయేదేముంది అన్నారు. ఈయన, బల్ల ఒకటే ఉందండీ అన్నాడు.

"తరవాత?"

"తరవాతేముంది. ప్రతి ఆదివారం పాక ఊడ్చుకుని, బల్ల మీద గుడ్డ పరిచి, రొట్టె పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. పొద్దెక్కాక గుడ్డ మడతపెట్టుకుని ఇంటికి పోయేవాడు. మళ్ళీ ఆదివారం అంతే. ఏళ్ళు గడిచినయ్. ఈయనకి మతి చెడిందన్నారు. ఒక ఆదివారం మా నాయనమ్మ వెళ్ళింది."

"ఆవిడకి అంత విశ్వాసం ఎలా కలిగిందండి?" అంది వదిన.

"విశ్వాసం కాదమ్మా, ఆకలి. తాత పోయి, ఇంట్లో గింజల్లేవు. అక్కడ రొట్టె ఉంటదని వెళ్ళింది. బల్ల దగ్గర నిలబడి, నాకు ఆకలేసి వచ్చానయ్యా, ఇంకేం తెలీదు అంది. దొర, నేనూ అందుకే వచ్చానమ్మా, కూర్చో అన్నాడు."

మేక గడ్డి పీకుతున్న చప్పుడు వినపడుతోంది. వదిన పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆవిడ వెళ్ళిందని తెలిసి రెండు పేటల బావుల్లోనూ చేద వెయ్యనివ్వలేదు. అందులో మాత్రం రెండు పేటలూ ఒకటైనయ్" అంది మాణిక్యమ్మ. "అయినా ఆమె మానలేదు. దొర పోయేదాకా ఆ బల్ల దగ్గర ఇద్దరే. ఆయన పోయాక సమాధి దగ్గరికి మాత్రం ఊరంతా వచ్చింది. అటు వాళ్ళు అటు, ఇటు వాళ్ళు ఇటు నిలబడ్డారంట. అట్టాగే ఉన్నాంగా ఇప్పటికీ."

ఆదివారం: ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పై పేటలో నిలబడి ఈ కథ చెప్పాలా? తెనాలి బురద, బాపట్ల దెబ్బలు చెబితే అందరూ కళ్ళు తుడుచుకుంటారు, మర్యాదగా భోజనం పెడతారు. "వదినా, ఏం చెప్పమంటావ్?" అని అడిగాను. వదిన ఆ రంగురంగుల చెప్పులు తొడుక్కుంటూ, "మనల్ని ఎవరూ కొట్టరులే. మహా అయితే భోజనం పోతుంది" అంది.

చర్చి నిండా జనం. తెల్లచీరలు, మల్లెపూల వాసన, కొత్త సౌండు సిస్టమ్. మొదట తెనాలి గురించి చెప్పాను, లకారం దగ్గర అందరూ నవ్వారు. యోహానుగారు కూడా నవ్వారు. తరవాత, "ఈ ఊళ్ళో దొరగారు ఒక బల్ల వేశారు" అన్నాను. ముందువరస నవ్వు ఆగిపోయింది. ఎవరూ రాకపోయినా ప్రతి ఆదివారం గుడ్డ పరిచాడని, చివరికి కింది పేట నుంచి ఒకావిడ ఆకలితో వచ్చిందని చెబుతుండగా మైకు ఆగిపోయింది.

"కరెంటు పోయిందండి" అన్నారు యోహానుగారు లేచి నిలబడి.

పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. నేను ఫ్యాన్ల వంక చూశాను. సంఘమంతా ఫ్యాన్ల వంక చూసింది. ముప్ఫై ఏళ్ళు మైకు లేకుండానే క్లాసులో పాఠం చెప్పినదాన్ని. మిగతాదీ అలాగే చెప్పేశాను. "ఆయన మీద బయటివాళ్ళు బురద చల్లితే ఆయన వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. మనవాళ్ళు లేచిపోతే, మనవాళ్ళ కోసం కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ నేను ఆ మొదటి సగమే చెబుతూ వచ్చాను, అది నన్నేమీ అడగదు కాబట్టి." ఎవరూ తల ఎత్తలేదు. ముందువరసలో యోహానుగారి భార్య సరోజినమ్మ ఒక్కతే ముసుగులోంచి నన్నే చూస్తోంది. ఆ చూపు కోపమో కాదో తెలియలేదు. యోహానుగారు ముగింపు పాట అందుకున్నారు. పాట మధ్యలో కరెంటు వచ్చింది.

గేటు తెరవలేదు. "వాళ్ళు రాలేదు కదండీ" అన్నారు యోహానుగారు. తరవాత చాలా మర్యాదగా, "మీకు బస్సు టైమవుతుందేమో" అన్నారు. భోజనం మాట ఎత్తలేదు. క్రీస్తు కోసం నేను పడిన మొదటి శ్రమ అది. ఆకలి బాగా వేస్తోంది.

మాణిక్యమ్మ ఇంట్లో

రోడ్డు మీదకు వచ్చేసరికి మాణిక్యమ్మ నిలబడి ఉంది. చర్చి కిటికీ పక్కన నిలబడి విన్నదట. "రండి, అన్నం వండాను" అంది. రేకుల ఇల్లు, చాప, స్టీలు కంచాలు. టమాటా పప్పు, మజ్జిగ, ఊరమిరపకాయలు. కూర్చుని రెండు ముద్దలు తిన్నామో లేదో గుమ్మంలో నీడ పడింది.

సరోజినమ్మ. చేతిలో టిఫిన్ క్యారియరు. పై పేట ఆడమనిషి ఆ ఇంటి గుమ్మం దాకా రావడం మాణిక్యమ్మ తన ఎరుకలో చూడలేదట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. సందులో పిల్లలు ఆట ఆపేశారు.

"మీకోసమని రొయ్యల ఇగురు చేశానండి పొద్దున్నే" అంది సరోజినమ్మ నాతో, కళ్ళు మాత్రం నేల మీద పెట్టి. "చేసింది పారేయలేను కదా. ఇచ్చేసి వెళ్ళిపోతాను."

మాణిక్యమ్మ క్యారియరు అందుకుంది. ఇంకో కంచం తెచ్చి కడిగి, చాప మీద పెట్టింది. "నువ్వు తిన్నావా అమ్మా?"

"ఆయన వచ్చాక తింటానండి."

"ఆయనకి ఇవ్వాళ ఆకలి ఉండదులే. కూర్చో."

సరోజినమ్మ వెనక్కి తిరిగి సందువైపు చూసింది. ఎవరెవరు చూస్తున్నారో లెక్క చూసుకున్నట్టుంది. తరవాత చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వదిన పక్కన చాప మీద కూర్చుంది. "కొంచెమే పెట్టండి" అంది. మాణిక్యమ్మ కొంచెం పెట్టలేదు. ఇగురులో కారం ఎక్కువైందని వదిన అంటే, మా ఇంట్లో ఆయనకి అలాగే కావాలండి అని సరోజినమ్మ మెల్లగా నవ్వింది. తినడం అయ్యాక కంచాలు ఎవరు కడగాలన్న దగ్గర ముగ్గురూ పోట్లాడుకున్నారు.

మేము సాయంత్రం రైలుకు తిరిగొచ్చేశాం. శ్రమదినాల్లో స్త్రీల సమాజంలో ఈ కథ మొత్తం చెప్పాను. అధ్యక్షురాలు చాలా బాగుందని, వచ్చే ఏడు వేరే దేశపు మిషనరీ ఎవరైనా ఉంటే చూడమని అన్నారు. పల్లెలో గేటుకు రెండు తాళాలూ అలాగే ఉన్నాయట. వెనక గోడ కట్టడానికి చందాలు మాత్రం రెండు సంఘాలూ వేరువేరుగా వసూలు చేస్తున్నాయి.

ఆ సంగతి చెప్పింది సరోజినమ్మే, ఫోన్లో. "ఆయన నాతో మాట్లాడ్డం లేదండి" అంది.

"అయ్యో, నా వల్లే" అన్నాను.

"పర్లేదులెండి, ఇల్లు ప్రశాంతంగా ఉంది." పక్కన ఎవరూ లేరని చూసుకున్నట్టు గొంతు తగ్గించింది. "నిన్న ఆదివారం మాణిక్యమ్మగారింటికి మళ్ళీ వెళ్ళానండి. ఈసారి కూర ఆవిడే వండింది."